అనుజ్ఞయా, సంభావనమా? – ఆంగ్లభాషలో ‘మే’, ‘క్యాన్’ క్రియల చరిత్ర

‘అతడు రేపు పోవచ్చును’ అను వాక్యము రెండు విధముల బోధపడును. పోవుటకు వానికి పెద్దలు సెలవిచ్చిరని యొక యర్థము. వాడు పోవుట జరుగవచ్చునని వక్త యూహించుచున్నాడని మఱియొక యర్థము. మొదటి యర్థమున వక్తకు గాని, వక్త పేర్కొనని వేఱొక పెద్దకు గాని అధికారము కలదు. రెండవ యర్థమున ఎవరి యధికారముతోను పనిలేదు. వక్త తన యెఱుకకు గల హద్దును చెప్పుకొనుచున్నాడు. ఆంగ్లమున ‘మే’ అను సహాయక క్రియకును సరిగా ఈ రెండర్థములే కలవు. అందుచేత మన విద్యార్థులు అనువాదమునకు పూనుకొన్నప్పుడు ‘మే’ ఉన్నచోట నెల్ల ‘వచ్చును’ అనియు, ‘క్యాన్’ ఉన్నచోట నెల్ల ‘గలడు’ అనియు వ్రాసి నిశ్చింతగా నుందురు. ఈ సమీకరణము పెక్కుచోట్ల నడచును. కొన్నిచోట్ల మాత్రము అర్థమును తలక్రిందు చేయును. ఎచ్చట నడచునో, ఎచ్చట చెడునో నిర్ణయించుటకు నిఘంటువు చాలదు. ఆ పదములు ఏ మార్గమున నేటి యర్థములకు వచ్చినవో తెలిసికొనవలెను. ఆ మార్గమును నిరూపించి, తెలుగు క్రియలు నడచిన మార్గముతో పోల్చి చూచుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

1. పరిభాష

ముందుగా పేర్లను స్థిరపఱచుకొనుట మేలు. పాణిని అష్టాధ్యాయి తృతీయాధ్యాయమున లిఙ్, లోట్, కృత్యప్రత్యయముల యర్థములను విధించుచు శక్తి, సంభావనము, అతిసర్గము అను మూడింటిని వేర్వేఱుగా గ్రహించెను. కర్తయందలి సామర్థ్యము శక్తి. క్రియ జరుగుటకు యోగ్యత కలదని తలంచుట సంభావనము. ఇచ్ఛ వచ్చినట్లు చేయుమని అనుజ్ఞ ఇచ్చుట అతిసర్గము. శక్తి సంభావనములకు లిఙ్ చెల్లును. అతిసర్గమునకు లోట్టును, కృత్యప్రత్యయములును చెల్లును. అనగా సంస్కృతమునందును ఒక్కొక్క యర్థమునకు ఒక్కొక్క రూపము లేదు. అయినను అర్థములు భిన్నములని వైయాకరణుడు గుర్తించెను. పాశ్చాత్యులలో ఫాన్ రైట్ అను ఫిన్లండు దేశపు తార్కికుడు 1951లో ప్రకటించిన గ్రంథమున సత్యవిషయకము, జ్ఞానవిషయకము, విధివిషయకము అని ఈ యర్థములను విభజించెను. ఇటీవలి భాషాశాస్త్రజ్ఞుల పరిభాష చాలవఱకు ఆ విభాగమునుండి వచ్చినది. ఈ వ్యాసమున శక్తి, సంభావనము, అనుజ్ఞ అను మూడు మాటలనే వాడుదును.

2. ప్రాచీనాంగ్లమున ఈ క్రియల స్థితి

నేటి ఆంగ్ల వ్యాకరణమును చదువు బాలుడు మొదట గుర్తించు వింత యొకటి కలదు. ఏకవచన ప్రథమపురుషమున వర్తమానక్రియకు సకారము చేరవలెనని నియమము. ‘మే’, ‘క్యాన్’, ‘షల్’, ‘మస్ట్’ అనువానికి మాత్రము ఆ సకారము చేరదు. ఇది అపవాదమని ఉపాధ్యాయుడు చెప్పి ముందునకు సాగును. చరిత్ర తెలిసినవానికి ఇందు అపవాదము లేదు. ఈ క్రియలు రూపమున భూతకాలికములు, అర్థమున వర్తమానములు. భూతకాలరూపమునకు సకారము చేరు ప్రసక్తియే లేదు గదా!

ఇట్టి స్థితి సంస్కృతము నెఱిగినవారికి క్రొత్త గాదు. ‘విద్’ ధాతువునకు ‘వేద’ అను రూపము లిట్టువలె కనబడుచు ‘ఎఱుగును’ అని వర్తమానార్థము నిచ్చును. పాణిని ఈ ధాతువునకు లట్టునందు లిట్టు ప్రత్యయములను వికల్పముగా విధించెను. గ్రీకున ‘ఒయిద’, ప్రాచీనాంగ్లమున ‘వాత్’ అను రూపములు ఈ ‘వేద’కు సోదరములు, వాని యర్థము కూడ ‘ఎఱుగును’ అనియే. ‘చూచి తెలిసికొని యున్నాడు, కాన ఎఱుగును’ అను న్యాయమున భూతము వర్తమానముగా పరిణమించినది. జర్మానిక భాషలలో ఈ తరగతి క్రియలు పదికి మించి యుండెడివి. వానిలో మనకు కావలసినవి నాలుగు.

మొదటిది ‘మగన్’. దీనికి బలము కలిగియుండుట, సమర్థుడగుట అని యర్థము. బలము అను నర్థమున నేటికిని నిలిచియున్న ‘మైట్’ అను నామవాచకము దీని కుటుంబము లోనిదే. ‘మగన్’ నుండి నేటి ‘మే’ పుట్టినది. రెండవది ‘కున్నన్’. దీనికి ఎఱుగుట అని యర్థము. సంస్కృతమున ‘జ్ఞా’ ధాతువు దీనికి జ్ఞాతి. దీనినుండి నేటి ‘క్యాన్’ వచ్చినది. మూడవది ‘మోతన్’. దీనికి అనుజ్ఞ కలిగియుండుట, అవకాశము లభించుట అని యర్థము. దీని భూతరూపమైన ‘మోస్తె’ నుండి నేటి ‘మస్ట్’ వచ్చినది. నాలుగవది ‘షులన్’. దీనికి ఋణపడియుండుట అని యర్థము. జర్మను భాషలో ఋణమును, అపరాధమును తెలుపు ‘షుల్డ్’ అను పదము దీనికి చుట్టము. దీనినుండి ‘షల్’ వచ్చినది.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. నేడు అనుజ్ఞను తెలుపు ‘మే’ నాడు బలమును తెలిపెడిది. నేడు శక్తిని తెలుపు ‘క్యాన్’ నాడు జ్ఞానమును తెలిపెడిది. నాడు అనుజ్ఞను తెలిపిన ‘మోతన్’ నేడు ‘మస్ట్’ అను రూపమున తప్పనిసరి విధిని తెలుపుచున్నది. ఒక యింటిలోనివారు తరువాతి యింటికి మాఱగా, వారు విడిచిన యింటిలోనికి మఱియొకరు వచ్చి చేరినట్లు ఈ క్రియలు స్థానములు మాఱినవి.

3. ‘మోతన్’ తొలగుట, ‘మే’ ప్రవేశించుట

అనుజ్ఞార్థకమైన క్రియ నిర్బంధార్థకముగా మాఱుట మొదట ఆశ్చర్యము గొల్పును. సెలవిచ్చుటకును, నిర్బంధించుటకును హస్తిమశకాంతరము గదా! ఈ మార్పునకు పండితులు చూపు కారణములలో ఒకటి నిషేధవాక్యము. ‘పోవుటకు అనుజ్ఞ లేదు’ అనినను, ‘పోకుండుట విధి’ అనినను ఫలిత మొక్కటియే. నిషేధమున రెండర్థములును ఒకచోట కలిసికొనును. అచ్చట ‘మోతన్’ను విధ్యర్థకముగా గ్రహించినవారు, నిషేధము లేనిచోట కూడ దానిని విధ్యర్థకముగా వాడుటకు వీలేర్పడినది. వేఱు కారణములును పనిచేసియుండవచ్చును గాని, నిషేధమునందలి యీ సంధిస్థలము తర్కమునకు నిలుచునది. మన ‘రాదు’ అను క్రియ విషయమున దీని సామ్యమును ముందు చూతము.

మధ్యాంగ్ల కాలమున, అనగా సుమారు 1100 నుండి 1500 వఱకు గల కాలమున, ‘మోతన్’ క్రమముగా విధివైపు జరుగుచుండగా అనుజ్ఞాస్థానమును ‘మే’ ఆక్రమించినది. బలము నుండి అనుజ్ఞకు దారి ఎట్లు పడినది? ‘నేను చేయ సమర్థుడను’ అనునపుడు సామర్థ్యము కర్తయందున్నది. ‘ఈ నదిని ఇచ్చట దాటుటకు వీలగును’ అనునపుడు సామర్థ్యము కర్తను విడిచి పరిస్థితిని ఆశ్రయించినది. నదిలో నీరు తక్కువగా నున్నది. కావున ఎవరైనను దాటుదురు. ఇట్లు పరిస్థితిని ఆశ్రయించిన వీలునుండి రెండు శాఖలు చీలినవి. వీలు కలిగించునది రాజాజ్ఞ గాని, పెద్దల మాట గాని యైనచో అది అనుజ్ఞ. వీలు వక్త యూహయందు మాత్రమే యున్నచో అది సంభావనము. 1994లో బైబీ, పెర్కిన్స్, పాల్యూకా అనువారు 76 భాషలను పరిశీలించి ప్రకటించిన గ్రంథమున శక్తి నుండి పరిస్థితిగతమైన వీలునకును, అచ్చటినుండి అనుజ్ఞా సంభావనములకును క్రియలు నడచుట పెక్కుభాషలలో కానవచ్చు మార్గమని నిరూపించిరి. ‘మే’ ఆ మార్గమున నడచిన ప్రసిద్ధోదాహరణము.

కాన నేటి ‘మే’ యందు అనుజ్ఞయు, సంభావనమును కలిసియుండుట అవ్యవస్థ గాదు. ఆ రెండును ఒక తల్లి బిడ్డలు. తల్లియైన శక్త్యర్థము ‘మే’ యందు క్రమముగా క్షీణించినది.

4. ‘క్యాన్’ ప్రస్థానము

శక్త్యర్థము క్షీణించిన చోటికి ‘క్యాన్’ వచ్చి చేరినది. ‘కున్నన్’ మొదట నామవాచకమును కర్మగా స్వీకరించెడిది. ఒక భాషను, ఒక విద్యను ‘క్యాన్’ చేయుట, అనగా ఎఱుగుట, మధ్యాంగ్లమున సహజప్రయోగము. దాని ప్రక్కన మఱియొక క్రియ చేరినపుడు ‘చేయుట ఎఱుగును’ అని యర్థమగును. చాసరు (మరణము 1400) తన క్యాంటర్బరీ కథల పీఠికలో యువకుడైన స్క్వైరు గీతరచనా నైపుణ్యమును చెప్పుటకు ఈ క్రియ భూతరూపమునే వాడెను. ఆ ప్రయోగమున ‘నేర్చియుండెను’ అను నర్థమును, ‘చేయగలిగెను’ అను నర్థమును విడదీయుట కష్టము. ఎఱిగినవాడు చేయగలడు, కాన ఎఱుక శక్తిగా మాఱినది. బుద్ధిలేని వస్తువులను గుఱించి కూడ ‘క్యాన్’ వాడబడినపుడు ఈ మార్పు పూర్తియైనదని చెప్పవచ్చును. ఱాయి పడగలదు, ఱాయికి పడుట తెలియదు.

పూర్వార్థమునకు సాక్షులుగా రెండు పదములు నేటి ఆంగ్లమున మిగిలియున్నవి. ‘కన్నింగ్’ అను పదము మొదట ఎఱుకను, తరువాత నేర్పును, తుదకు కపటమును తెలిపినది. ‘అన్‌కూత్’ అను పదము మొదట ‘ఎఱుగని’ అని మాత్రమే అర్థము కలది. నేడు మోటుదనమును తెలుపుచున్నది. భూతరూపమైన ‘కుడ్’ అను పదమున వ్రాతలో కనబడు లకారమునకు ధాతువున ఆధారము లేదు. ‘షుడ్’, ‘వుడ్’ అను పదములలో లకారము పూర్వమునుండి యున్నది. వానిని చూచి లేఖకులు ‘కుడ్’ నందును లకారమును చేర్చిరి. పలుకుబడిలో అది ఎన్నడును నిలువలేదు.

1755లో శామ్యూల్ జాన్సను తన నిఘంటువున ఈ రెండు క్రియలకు హద్దు గీచెను. శక్తికి ‘క్యాన్’, అనుజ్ఞకు ‘మే’ అని విభజించి, కవిత్వమున మాత్రము ఇవి కలగలియుచున్నవని చెప్పెను. ఆ హద్దు నిలువలేదు. పందొమ్మిదవ శతాబ్దినుండి ‘క్యాన్’ అనుజ్ఞను కోరుటకును వ్యాపించినది. ఉపాధ్యాయులు చాలకాలము దీనిని తప్పుగా దిద్దిరి. కాని ‘మే’ ఇంతకుముందు నడచిన దారినే ‘క్యాన్’ మఱల నడచినది. శక్తినుండి వీలునకు, వీలునుండి అనుజ్ఞకు సాగినది. మొదటిదానిని ఒప్పుగా గ్రహించి రెండవదానిని తప్పనుటకు చరిత్రలో ఆధారము లేదు. ఇంగ్లండున 1961, 1991 సంవత్సరములలో అచ్చయిన రచనలనుండి ఒక్కొక్క దశలక్ష పదముల చొప్పున సేకరించి జెఫ్రీ లీచ్ పోల్చి చూచెను. ఆ ముప్పది యేండ్లలో ‘మే’ వాడుక సుమారు ఆఱవవంతు తగ్గినది, ‘షల్’ నూటికి నలువదికి పైగా తగ్గినది, ‘క్యాన్’ తగ్గలేదు. ‘మే’ విడుచుచున్న చోటును ‘క్యాన్’ పూరించుచున్నదనుట ఈ లెక్కలకు విరుద్ధము గాదు.

5. క్రియలు సహాయకములగుట

అర్థముతో పాటు వ్యాకరణస్థితియు మాఱినది. పూర్వము ఈ క్రియలకు కర్మపదముండెడిది; తుమర్థకరూపముండెడిది. నేటి ఆంగ్లమున ‘మే’, ‘క్యాన్’ అనువానికి ఈ రెండును లేవు. ఇట్టి క్రియలు రెండు ప్రక్కప్రక్కన ప్రామాణికభాషలో నిలువవు. థామస్ మోర్ (1478–1535) రచనలలో ‘మే’కు తుమర్థకరూపము ఇంకను కానవచ్చుచున్నది. 1979లో డేవిడ్ లైట్‌ఫుట్ ఈ క్రియలు పదునాఱవ శతాబ్దిలో ఒక్కమాఱుగా క్రొత్త వ్యాకరణవర్గముగా ఏర్పడినవని వాదించెను. ఫ్రాన్స్ ప్లాంక్ 1984లోను, ఆంథొనీ వార్నర్ 1993లోను ఈ మార్పు పెక్కు శతాబ్దులుగా మెట్టుమెట్టుగా జరిగినదని ప్రతివాదము చేసిరి. పదములు ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున తమ రూపములను కోల్పోయినందున రెండవ పక్షమునకే బలమెక్కువగా కనబడుచున్నది. పరిశోధక విద్యార్థి గ్రహింపవలసినది మఱియొకటి కలదు. అర్థము నామపదమునుండి తొలగి ఊహవైపు జరుగుకొలదిని క్రియకు స్వతంత్రత తగ్గినది. ఒక వాక్యమే కరిగి అవ్యయమగుటయు ఈ మార్గము లోనిదే. ‘అది కావచ్చును’ అను నర్థముగల వాక్యమునుండి ‘మేబీ’ అను అవ్యయము పుట్టినది. తెలుగున ‘కాన్’, ‘పోలు’ కలిసి ‘కాబోలు’ అయినట్లే యిదియు.

6. తెలుగు క్రియల సామ్యము

ఇంతవఱకు చూపిన మార్గము తెలుగునందును కలదా యని ప్రశ్నించుకొందము. కలదు, ఒక్కొక్క మజిలీకి సాక్ష్యముతో కలదు.

ప్రాచీనకావ్యభాషలో శక్తిని తెలుపు క్రియలు పెక్కు. ‘నేర్చు’ ధాతువు అన్నంతరూపముపై చేరి ‘పలుకనేర్చును’, ‘చేయనేరడు’ అను ప్రయోగముల నిచ్చినది. విద్య నేర్చుటయే శక్తియైనది. ఇది ‘కున్నన్’ నడచిన మార్గము. నేటి వాడుకలో శక్త్యర్థము పోయి ‘నేర్చుకొను’, ‘నేర్పు’ అను మూలార్థములు మిగిలినవి. ఆంగ్లమున మూలార్థము పోయి శక్త్యర్థము మిగిలినది. ‘ఓపు’ ధాతువు భరించుటను, బలము కలిగియుండుటను తెలుపును. ‘ఓపిక’ దానినుండి వచ్చినది. ‘చేయనోపును’ అనగా చేయ సమర్థుడు. ఆ ‘ఓపు’ చేరిన ‘కానోపు’ అను మాటకు ‘కావచ్చును’ అని యర్థము. బలమును తెలుపు ధాతువు సంభావనమునకు వచ్చి చేరినది. ‘మగన్’ నుండి ‘మే’ వచ్చిన మార్గము సరిగా నిదియే. ‘చాలు’ ధాతువు పరిమాణము సరిపోవుటను తెలిపి, ‘చేయజాలడు’ అని శక్తికిని, ‘అది నిజము కాజాలదు’ అని సంభావన నిరాకరణమునకును వచ్చినది. ఆంగ్లముతో ఎట్టి పరిచయము లేని కాలమున మన భాష తనంత తాను ఈ దారులను వేసికొన్నది. కావున ఇందు అనుకరణ ప్రసక్తి లేదు. మానవుల యూహ నడచు తీరు ఇట్టిదని గ్రహింపవలెను.

‘వచ్చు’ ధాతువు చరిత్ర మఱింత విలక్షణమైనది. ‘నాకు తెలుగు వచ్చును’, ‘వానికి ఈత వచ్చును’ అనునపుడు ఈ ధాతువు ఎఱుకను, విద్యను తెలుపును. ‘పోవచ్చును’ అనునపుడు అనుజ్ఞా సంభావనములను తెలుపును. ఒకే ధాతువు కొన్నిచోట్ల ‘కున్నన్’ పనిని, కొన్నిచోట్ల ‘మే’ పనిని చేయుచున్నది. అయితే ఆంగ్లమున ఎఱుగువాడు కర్త. తెలుగున విద్యయే కర్త, అది మనుష్యునికడకు వచ్చును. ఈ భేదము ‘చేయవచ్చును’ అను రూపమునందును జాడ విడిచినది. నేను చేయవచ్చును, నీవు చేయవచ్చును, వారు చేయవచ్చును. పురుషవచనములు మాఱినను ‘వచ్చును’ మాఱదు. నిజమునకు వచ్చునది చేయుట, చేయువాడు గాదు. ఆంగ్లమున ‘మే’, ‘క్యాన్’ సకారమును స్వీకరింపక మాఱకుండుటకు కారణము పూర్వపు భూతరూపము. తెలుగున ‘వచ్చును’ మాఱకుండుటకు కారణము క్రియయే కర్తయగుట. ఫలము సమానము, కారణములు వేఱు.

దీనికి ప్రత్యుదాహరణము ‘కల’ ధాతువు. చేయగలను, చేయగలవు, చేయగలరు అని ఇది పురుషవచనముల ననుసరించును. శక్తి కర్తయందున్నది గనుక క్రియ కర్తతో పొసగినది. ‘వచ్చు’ తెలుపు వీలు కర్తకు వెలుపలనున్నది గనుక కర్తతో పొసగలేదు. జాన్సను నిఘంటువున వివరణ వ్రాసి గీచిన హద్దును తెలుగు వ్యాకరణము ప్రత్యయములతోనే గీచినది.

ఇచ్చటనే అనువాదకులు పొరబడుదురు. ఆంగ్లమున ‘క్యాన్’ అనుజ్ఞలోనికి ప్రవేశించినది. తెలుగున ‘కల’ ప్రవేశింపలేదు. ‘లోనికి రావచ్చునా?’ అనుట అనుజ్ఞను కోరుట. ‘లోనికి రాగలనా?’ అనినచో వాకిలి ఇఱుకై యున్నదేమో, అడుగువాని కాలు నొచ్చినదేమో యని వినువాడు అనుమానించును. ఇట్లే ‘మీ పుస్తకమును తీసికొనగలనా?’ అనునది ఆంగ్లవాక్యమునకు తెలుగు తొడుగు మాత్రమే. ‘కల’ తెలుగున వేఱొక దిక్కునకు నడచినది. ‘ఎల్లరు విచ్చేయగలరు’, ‘ఈ మార్పును గమనింపగలరు’ అని మర్యాదతో కూడిన ప్రార్థనను తెలుపుచున్నది. ఆంగ్లేయులు మర్యాదకు ‘కుడ్’, ‘మైట్’ అను భూతరూపముల నాశ్రయించి కాలదూరమును గౌరవదూరముగా చేసికొనిరి. మన భాషలో ఆ పనిని భవిష్యత్తును సూచించు ‘కల’ చేయుచున్నది.

7. నిషేధమున భేదము

‘మే’కు నిషేధము చేర్చినపుడు ఆంగ్లమున రెండర్థములు మిగులును. ‘అతనికి వచ్చుటకు అనుజ్ఞ లేదు’ అని యొకటి. ‘అతడు రాకపోవుట సంభవము’ అని రెండవది. వ్రాతలో వానిని విడదీయునది సందర్భ మొక్కటియే. తెలుగున ఈ సందిగ్ధత లేదు. ‘రారాదు’, ‘రాకూడదు’ అనునవి అనుజ్ఞను నిరాకరించును. ‘రాకపోవచ్చును’ అనునది నిషేధమును సంభావనము చేయును. ఒకచోట వీలు నిషేధింపబడినది. రెండవచోట క్రియ నిషేధింపబడి, వీలు అట్లే నిలిచినది. విధిరూపమున సందిగ్ధమైన ‘వచ్చును’ నిషేధరూపమున స్పష్టమగుట తెలుగు సొత్తు.

‘రాదు’ చరిత్రయు గమనార్హము. ‘చెప్పరాని దుఃఖము’, ‘కానరాని దూరము’ అనుచోట్ల అది అసాధ్యతను తెలుపును. ‘ఇచ్చట పొగ త్రాగరాదు’ అనుచోట నిషేధవిధిని తెలుపును. వీలు లేమి విధిగా మాఱినది. ‘మోతన్’ నిషేధవాక్యమున విధివైపు జరిగిన దారి మనకు ఇచ్చట ప్రత్యక్షమగుచున్నది.

భూతార్థమున మఱియొక పరీక్ష కలదు. ‘వెళ్ళియుండవచ్చును’ అనినచో సంభావనమే తప్ప అనుజ్ఞ బోధపడదు. జరిగిపోయిన పనికి సెలవిచ్చుటకు వీలులేదు. ఆంగ్లమున ‘మే’పై పూర్ణభూతరూపము చేరినప్పుడును ఇంతే. సందేహము కలిగినపుడు వాక్యమును నిషేధమునకు గాని, భూతమునకు గాని మార్చి చూచినచో అనువాదకునకు ఏ యర్థము వివక్షితమో తెలియును.

8. శాసనభాషలో ‘మే’

ఈ విచారము తరగతిగదితో ముగియదు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషాశాసనము వచ్చిన తరువాత శాసనములను, ఉత్తరువులను తెలుగు చేయుట నిత్యకృత్యమైనది. శాసనమున ‘మే’ సంభావనమును తెలుపదు; మామూలు అనుజ్ఞను కూడ తెలుపదు. అది అధికారమును ప్రసాదించును. భారత రాజ్యాంగము మూడవ అధికరణము పార్లమెంటు శాసనముచే నూతన రాష్ట్రమును ఏర్పఱుపవచ్చునని చెప్పుచున్నది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 2014లో తెలంగాణ రాష్ట్రము ఈ యధికారము చేతనే ఏర్పడినవి. ఇచ్చటి ‘వచ్చును’ను ఊహగా గ్రహించినవాడు నవ్వులపాలగును. దానిని సెలవుగా గ్రహించినవాడు పార్లమెంటునకు సెలవిచ్చువా రెవరని వెదకవలసియుండును.

అధికారమిచ్చు పదము కర్తవ్యమును కూడ విధించునా యను ప్రశ్న న్యాయస్థానములను చాలకాలము వేధించినది. 1880లో జూలియస్ అనువానికిని, ఆక్స్‌ఫర్డు బిషప్పునకును నడచిన వ్యాజ్యమున బ్రిటిషు ప్రభువుల సభ దీనిని విచారించినది. ఇట్టి మాటలు తమంత తాము అధికారమునే ఇచ్చుననియు, కర్తవ్యము ఏర్పడినచో అది ఆ పని స్వభావము నుండియు, ఎవరి మేలునకై ఆ యధికార మీయబడెనో వారి స్థితినుండియు ఏర్పడవలె ననియు నిర్ణయించినది. మన రాజ్యాంగము 143వ అధికరణమున రాష్ట్రపతి అభిప్రాయము కోరినపుడు సుప్రీంకోర్టు చేయవలసినదానికి మొదటి ఉపనిబంధనమున ‘మే’ను, రెండవదానియందు ‘షల్’ను వాడిరి. 1958లో కేరళ విద్యాబిల్లు విచారణలో న్యాయస్థానము ఈ భేదమును గుర్తించినది. 1994లో అయోధ్య విషయమున పంపబడిన ప్రశ్నకు సమాధానము చెప్ప నిరాకరించినది. మఱియొకవంక 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ వ్యాజ్యమున 320వ అధికరణము లోని ‘షల్’ కూడ ఉల్లంఘింపరానంత నిర్బంధమైనది కాదని అదే న్యాయస్థానము నిర్ణయించినది.

కాన అనువాదకుడు న్యాయమూర్తి స్థానమున కూర్చుండరాదు. మూలమున ‘మే’ ఉన్నచోట, కర్తవ్యము స్ఫురించినను, ‘వలెను’ అని వ్రాసినచో న్యాయస్థానము చేయవలసిన నిర్ణయమును తాను చేసినవాడగును. ‘వచ్చును’ అనియే వ్రాయవలెను. నిషేధమున మాత్రము జాగరూకత కావలెను. శాసనమున ‘మే’పై చేరిన నిషేధమును ‘చేయకపోవచ్చును’ అని వ్రాసినచో నిషేధము స్వేచ్ఛగా మాఱును. ‘చేయరాదు’ అనినచో నిషేధము నిషేధముగా నిలుచును. ఒక ప్రత్యయమున ఒక పౌరుని హక్కు తలక్రిందగు స్థల మిది.

9. ముగింపు

బలమునుండి ‘మే’, ఎఱుకనుండి ‘క్యాన్’, సెలవునుండి ‘మస్ట్’ పుట్టినవి. తెలుగున ఓర్పునుండి ‘ఓపు’, చదువునుండి ‘నేర్చు’, రాకనుండి ‘వచ్చు’ అట్టి పనులకే వచ్చి చేరినవి. కొన్ని మజిలీలలో రెండు భాషలు కలిసికొన్నవి. నిషేధమునను, ‘కల’ వాడుకలోను విడిపోయినవి. కలిసినచోట పదమునకు పదము చెల్లును. విడిపోయినచోట పదము చెల్లదు. అర్థమును పట్టుకొని తెలుగు తనకు వేసికొన్న దారిన చెప్పవలెను.

‘ఓపు’, ‘నేర్చు’, ‘చాలు’, ‘వచ్చు’ అను క్రియలు శాసనములయందును, కవిత్రయ కృతులయందును, ప్రబంధములయందును, నేటి వాడుకయందును ఎచ్చట ఏ యర్థమున నిలిచినవో కాలక్రమమున పట్టిక వేయుట యువపరిశోధకులు పూనుకొనదగిన పని. ‘కానోపు’ ఏ కాలమున సన్నగిల్లి ‘కావచ్చును’కు చోటిచ్చినదో, ఆ మార్పు గద్యమున ముందు జరిగినదో, పద్యమున ముందు జరిగినదో ఆ పట్టిక తేల్చును. ఆంగ్లేయులు తమ ‘మే’ను గుఱించి ప్రతి శతాబ్దికి సాక్ష్యము చూపగలిగినట్లు మన ‘వచ్చును’ను గుఱించి మనమును చూపగలుగుటకు అది మొదటి మెట్టు.